రందికి మందు: ప్రాణహిత ఒడ్డున ఒత్తిడీ తాగుడూ

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట ఒక ఒడ్డున సిరొంచ, ఎదురొడ్డున తెలంగాణలోని కాళేశ్వరం ఉన్నాయి. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరొంచ తాలూకా పాలనాపరంగా మహారాష్ట్రలోనిదే అయినా ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట తెలుగే. పెళ్లి సంబంధాలు, జాతరలు, పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రి ప్రయాణాలు చాలావరకు వంతెన దాటే సాగుతాయి. రెండు ఒడ్డుల్లోనూ పండేవి వరి, పత్తి, మిరపే. పెట్టుబడికి అప్పు తేవడం, వాన కోసం ఎదురుచూడడం, పంట చేతికొచ్చే వేళకు ధర పడిపోతే కుంగిపోవడం కూడా రెండు వైపులా ఒకే తీరు. మద్యం విషయంలో మాత్రం రెండూ రెండు లోకాలు: అటువైపు అది లైసెన్సు దుకాణంలో బాహాటంగా దొరికే సరుకు, ఇటువైపు 1993 నుంచి జిల్లా అంతటా నిషిద్ధం. కష్టాలు ఎక్కువైతే మనిషి తాగుడుకు దిగుతాడని అందరూ నమ్మే మాటను నిలబెట్టి పరీక్షించడానికి ఇది అనువైన చోటు.

"ఒత్తిడి" అన్నది ఇక్కడ పత్రికల్లో కనిపించే మాట. ఇళ్లలో దానికి రంది అనో, మనాది అనో, పరేషాన్ అనో పేరు. పట్నం వెళ్లివచ్చిన కుర్రవాళ్లు టెన్షన్ అంటారు. ఈ మాటలన్నీ ఒకే అర్థాన్ని ఇవ్వవు. మనాది అంటే ఎవరో పోయినప్పుడో, ఏదో చెయ్యిజారినప్పుడో మొదలై లోపల గూడుకట్టుకునే దిగులు; రంది రేపటి పని గురించి, ఎల్లుండి కట్టాల్సిన పైకం గురించి రోజూ తొలిచే బెంగ. మనస్తత్వ శాస్త్రం ఈ తేడాను కాస్త ఆలస్యంగా పట్టుకుంది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె తయారుచేసిన ప్రసిద్ధమైన పట్టికలో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు, విడాకులకు 73 అని పెద్ద ఘటనలకే తూకం వేశారు. రిచర్డ్ లాజరస్ బృందం 1981లో ప్రచురించిన అధ్యయనం వేరే దారి పట్టింది. 117 చిన్న చిన్న చికాకులను జాబితాగా రాసి, 100 మంది నడివయసు వారిని నెలల తరబడి గమనించి, పెద్ద ఘటనలకన్నా రోజువారీ చికాకులే మనసు ఆరోగ్యాన్ని మెరుగ్గా పట్టిస్తాయని ఆ బృందం తేల్చింది. ఇక్కడివాళ్ల మాటల్లో చెప్పాలంటే మనాదికన్నా రందే ఎక్కువ అరగదీస్తుందన్నమాట.

అయితే లాజరస్ జాబితా అమెరికా మధ్యతరగతిది. సిరొంచ, అహేరి, రాజురా, పండర్‌కవడా వంటి మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లకు ఆ జాబితాను మళ్లీ రాసుకోవాలి. పొలం కాగితం సాత్‌బారా మరాఠీలో ఉంటుంది. ఊరి భూముల లెక్క చూసే ఉద్యోగి తలాఠీ దగ్గర పని పడితే తెలుగు తప్ప రాని తాతకు మరాఠీ బడిలో చదివిన మనవడే దుబాసీ. జిల్లా కేంద్రం దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం కాబట్టి ఒక్క సంతకం కోసం బయల్దేరినా రెండు రోజుల కూలి, రెండువైపులా బస్సు చార్జీ పోతాయి. వారంవారం వాకిట్లోకి వచ్చే ఫైనాన్సు కంపెనీ గ్రూపు కిస్తీలో ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లు కట్టాలి గనుక, అప్పు బరువుకన్నా ఇరుగుపొరుగు ముందు తలదించుకోవాల్సి వస్తుందన్న భయమే ముందు పీడిస్తుంది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనకనీళ్లలో పొలం మునిగినవాళ్లకు పరిహారం కాగితాల వెంట తిరగడం ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం. బల్లార్‌పూర్, చంద్రపూర్ బొగ్గు గనుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలకు షిఫ్టులు మారినప్పుడల్లా నిద్ర తారుమారు కావడం మరో బాధ. ఇవేవీ విడివిడిగా మనిషిని పడగొట్టేవి కావు. ఏ ఒక్కటీ తీరకుండా మరొకటి వచ్చి చేరడంలోనే వీటి బలమంతా ఉంది.

ఇంత రంది ఉన్నచోట తాగుడూ అంతే ఉండాలి కదా అనిపిస్తుంది. అంకెలు ఆ మాటను అంత సులువుగా ఒప్పుకోవు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద 18.8 శాతం, తెలంగాణలో 43.3 శాతం, ఒడిశాలో 28.8, ఆంధ్రప్రదేశ్‌లో 23.3, మహారాష్ట్రలో 13.9. మహిళల విషయంలో తెలంగాణ 6.7 శాతం, మహారాష్ట్ర 0.4. మహారాష్ట్ర సగటులో ముంబయి నుంచి విదర్భ దాకా అందరూ కలిసి ఉన్నారు కాబట్టి అది సిరొంచ లెక్క కాదు. నిషేధం ఉన్న జిల్లాలో ఇంటికొచ్చి అడిగినవారికి తాగుతానని చెప్పుకునేవారూ తక్కువే ఉంటారు. అంత తగ్గించి చూసినా ఒక విషయం మిగులుతుంది. రైతుల ఆత్మహత్యల్లో ఏళ్ల తరబడి దేశంలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం మహారాష్ట్ర, అందులోనూ తూర్పు భాగమైన విదర్భ, ముఖ్యంగా యవత్మాల్ జిల్లా ఆ దుఃఖానికి పేరుపడిన ప్రాంతం. తెలంగాణ పురుషుడికి మహారాష్ట్ర పురుషుడికన్నా మూడింతల కష్టం ఉందని ఎవరూ అనలేరు. ఎంతమంది తాగుతారన్నది నిర్ణయించేది ప్రధానంగా సరుకు ఎంత దగ్గరగా, ఎంత చవకగా దొరుకుతుందన్నదీ, పదిమందిలో తాగడాన్ని ఊరు ఎలా చూస్తుందన్నదీ. రంది పాత్ర ఈ తొలి అడుగులో అనుకున్నంత లేదు.

శాస్త్ర పరిశోధనలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది. 1951లో జాన్ కాంగర్ అనే పరిశోధకుడు తిండి దగ్గర కరెంటు దెబ్బ తగిలి భయపడిపోయిన ఎలుకలకు ఆల్కహాల్ ఇస్తే అవి మళ్లీ తిండివైపు కదిలాయని చూపాడు. 1956లో దాన్నుంచే, మద్యం ఉద్వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి జీవి దాన్ని కోరుకుంటుందన్న సిద్ధాంతం నిలబడింది. వినడానికి చక్కగా ఉన్న ఆ వాదన మనుషుల రోజువారీ జీవితం దగ్గరికి వచ్చేసరికి తడబడింది. పాల్గొన్నవారి చేత ప్రతిరోజూ మనఃస్థితినీ తాగిన మోతాదునూ నమోదు చేయించిన 69 అధ్యయనాల సమాచారాన్ని, అంటే పన్నెండు వేల మందికి పైగా మనుషుల రోజువారీ రాతలను ఒకచోట చేర్చి 2023లో వెలువడిన విశ్లేషణలో, మనసు బాగాలేని రోజున తాగే అవకాశం మామూలు రోజుకన్నా ఎక్కువగా లేదని తేలింది. మనసు ఉల్లాసంగా ఉన్న రోజునే తాగడమూ, ఎక్కువ తాగడమూ కనిపించాయి. ఆ అధ్యయనాలు చాలావరకు పాశ్చాత్య దేశాలవి, చిన్న వయసువారివి కూడా ఎక్కువ. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెచ్చి అతికించకూడదు.

అయినా ఈ ప్రాంతపు క్యాలెండరు దాన్ని కొట్టిపారేయనివ్వదు. చలికాలం చివర గడ్చిరోలి, చంద్రపూర్ పల్లెల నుంచి కూలీలు ముఠాలుగా తెలంగాణలో మిరపకాయ ఏరడానికి వెళ్తారు. ఎండలు ముదిరేసరికి మొత్తం కూలి ఒకేసారి చేతపట్టుకుని ఊరు చేరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అడవిలో ఇప్పపువ్వు రాలుతుంది, ఆ వెనకే తునికాకు కోత మొదలవుతుంది. చేతిలో పైకం, ఎదురుగా సరుకు, చుట్టూ చాలా రోజులకు కలిసిన చుట్టపక్కాలు, పెళ్లి ముహూర్తాలు. ఏడాదిలో రంది అతి తక్కువగా ఉండే నెలలివి, తాగుడుకు మాత్రం అన్నీ అమరే నెలలు. విత్తనాలకు, ఎరువులకు డబ్బు కోసం పరుగులు పెట్టే జూన్ నెలలో రంది ఆకాశమంత ఉన్నా, చేతిలో రూపాయి ఉండదు.

మరైతే కష్టం మరిచిపోవడానికే తాగుతున్నానని చెప్పే మనిషి అబద్ధమాడుతున్నాడా అంటే అదీ కాదు. లిన్ కూపర్ అనే పరిశోధకురాలు 1994లో తాగడానికి మనుషులు చెప్పే కారణాలను నాలుగు గుంపులుగా విడదీసింది: హుషారు కోసం, నలుగురితో కలవడం కోసం, నలుగురిలో వేరుపడిపోకుండా ఉండడం కోసం, బాధను తట్టుకోవడం కోసం. ఎక్కువమంది మొదటి రెండు కారణాలతోనే తాగుతారు. బాధ కోసం తాగేవారి సంఖ్య తక్కువే గాని, తర్వాత చిక్కుల్లో పడేవారిలో వారి వాటా ఎక్కువ. ఎంత తాగారన్న లెక్కతో నిమిత్తం లేకుండానే వారికి తాగుడు సమస్యలు ముదురుతాయి. పెళ్లిలో అందరితో కలిసి తాగి, మళ్లీ పండగదాకా దాని ఊసెత్తని మనిషీ, రోజూ చీకటి పడ్డాక ఒంటరిగా ఒక క్వార్టరు తెరిచే మనిషీ ఒకే సరుకు తాగినా ఒకే పని చేస్తున్నట్టు కాదు. తాగుడు అలవాటు చేసేది డబ్బూ స్నేహమూ అయితే, అలవాటైనవాణ్ణి అందులోంచి బయటికి రానివ్వనిది రంది. ఈ రెండో పని అది ఎలా చేస్తుందో తెలియాలంటే ఆ క్వార్టరు దగ్గర కాస్త ఆగాలి.

క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద ఉండే 42.8 శాతం అన్న అంకె ప్రకారం అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక మోతాదుగా లెక్కించేది 10 గ్రాములు గనుక, ఒక క్వార్టరు ఆరు మోతాదులతో సమానం. "ఒక్క క్వార్టరే కదా" అన్న మాటలోని ఒక్కటి నిజానికి ఆరన్నమాట. ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విరగ్గొట్టగలదు. నిమ్మరసం తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు.

రాత్రి ఎనిమిదింటికి, పొద్దంతా పత్తి చేలో వంగిన నడుముతో, ఖాళీ కడుపుతో ఒక మనిషి దాన్ని తాగాడనుకుందాం. అరగంటలోపే అది మెదడుకు చేరి, నరాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉద్రేకాన్ని రేపే గ్లూటమేట్ పనిని అడ్డుకుంటుంది. భుజాలు వదులవుతాయి. మనసు చూపు కూడా కురచబడి, కళ్లముందున్నదే తప్ప రేపటిది కనబడదు. 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు దీనికి మద్యపు హ్రస్వదృష్టి అని పేరుపెట్టారు. కళ్లముందు స్నేహితుల నవ్వులుంటే రేపటి కిస్తీ మరుగున పడుతుంది; కళ్లముందు గోడ తప్ప ఏమీ లేకపోతే అదే కిస్తీ మరింత పెద్దదై కనిపిస్తుంది. ఒంటరిగా తాగినవాడి ఏడుపుకు కారణం ఇదే. తొమ్మిదిన్నరకల్లా నిద్ర ముంచుకొస్తుంది. తాగితే గాని నిద్ర పట్టదని చెప్పేవారి అనుభవం ఇంతవరకు అక్షరాలా నిజమే.

అసలు సంగతి ఆ తర్వాత, మనిషికి తెలియకుండా నడుస్తుంది. అణచివేతను సరిదిద్దుకోవడానికి మెదడు గ్లూటమేట్ వైపు తూకం పెంచుకుంటూ పోతుంది. రాత్రి రెండు మూడు గంటల వేళకు రక్తంలో ఆల్కహాల్ చాలావరకు దిగిపోతుంది గాని మెదడు పెంచుకున్న ఉద్రేకం అలాగే నిలిచి ఉంటుంది. కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, నోరు ఎండుతుంది. కలలొచ్చే దశ నిద్ర రాత్రి మొదటి సగంలో అణగిపోయి, రెండో సగంలో ముక్కలుముక్కలుగా వస్తుంది. మూడింటికి మెలకువ వచ్చిన ఆ మనిషికి చీకట్లో మొట్టమొదట గుర్తొచ్చేది కిస్తీయే. గుండెదడకు కారణం కిస్తీ అని అతడు అనుకుంటాడు, రాత్రి తాగిన క్వార్టరు అని అతడికి తోచదు. తెల్లారాక అలసట, చిరాకు, తలబరువు. పనిలో చిన్న మాటకే కోపం. సాయంత్రానికి నిన్నటికన్నా పెద్దదైన రంది. దానికి తెలిసిన మందు ఒక్కటే. మద్యానికి మన భాషలో మందు అన్న పేరు ఎవరు పెట్టారోగాని, రోగాన్నీ ఔషధాన్నీ ఒకే సీసాలో పోసి అమ్మే సరుకుకు అది సరిపోయింది.

ఈ చక్రం కొన్ని నెలలు తిరిగాక మెదడు స్థిరబిందువే, అంటే అది మామూలుగా నిలిచే స్థాయే, జరిగిపోతుంది. తాగని వేళ మామూలుగా ఉండాల్సిన మనసు ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. మొదట్లో హుషారు కోసం పుచ్చుకున్నది ఇప్పుడు మామూలు స్థితికి రావడానికే అవసరమవుతుంది. అందరికీ ఇలా జరగదు. మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగం వాటా వంశపారంపర్యమని కవలలపై జరిగిన అధ్యయనాలు అంచనా వేశాయి. బాల్యంలో హింసనో నిరాదరణనో చూసినవారిలో ఒత్తిడికి శరీరం స్పందించే తీరే వేరుగా ఉంటుంది. తండ్రి తాగి కొట్టే ఇంట్లో పెరిగిన కొడుకుకు ఈ రెండు వారసత్వాలూ కలిసి వస్తాయి.

రంది పుట్టేది ఒకరి తలలోనే అయినా అది ఇల్లంతటికీ పంచబడుతుంది. రోజుకు మద్యం మీద నూట యాభై రూపాయలు పోతాయనుకుంటే నెలకు నాలుగున్నర వేలు, ఏడాదికి యాభై నాలుగు వేల పైచిలుకు. ఏ కిస్తీ గురించి మూడింటికి మెలకువ వచ్చిందో ఆ కిస్తీని కట్టగలిగిన డబ్బు అది. ఆ లెక్క భార్యకు నోటికి వచ్చు, ఎందుకంటే గ్రూపులో సంతకం ఆమెది. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, భర్త తరచుగా తాగి వచ్చే స్త్రీలలో 70 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నారు; భర్త అసలు తాగని స్త్రీలలో అది 23 శాతం. ఆమె రంది ఎవరి పట్టికలోనూ తాగుడు కారణాల కింద నమోదు కాదు. అయినా రాత్రి ఏ స్థితిలో వస్తాడో అన్న ఆ ఎదురుచూపే ఈ జిల్లాల్లో రోజువారీ ఒత్తిడికి అతి పెద్ద కారణాల్లో ఒకటి కావచ్చు. ఒత్తిడి, తాగుడు అన్న జంటను కారణం, ఫలితం అని ఒకే దిక్కుకు బాణం గీసి చూపే రాతలన్నిటిలోనూ ఈ సగం రాలిపోతుంది.

ఒళ్లునొప్పుల సంగతి ఒకటి చెప్పుకోవాలి. నాట్లు, కోతలు, బరువుల మోత పనుల్లో ఉన్నవారు, ఆడవాళ్లు సహా, అలుపు తీరడానికి తాగుతామంటారు. మద్యం నొప్పి తెలియకుండా చేసే మాట నిజమే; ఆ గుణానికీ తరుగుదల త్వరగానే వస్తుంది, అలసిన కండకు కావలసిన గాఢనిద్రను మాత్రం అది మిగల్చదు. గోండు, మాడియా ఆదివాసీ కుటుంబాల్లో ఇప్పసారా పూజలో, పుట్టుకలో, చావులో స్థానమున్న పదార్థం. ఏ రోజున, ఎవరి చేతుల మీదుగా, ఎంత అన్నది ఆచారం నిర్ణయించినంతకాలం అది వేరే విషయం. రోజూ ప్లాస్టిక్ పొట్లంలో చేతులు మారే సారాకు ఆ ఆచారాన్ని సమర్థనగా చూపడం అమ్మేవాడి తెలివి.

ఇక నిషేధం. గడ్చిరోలిలో డాక్టరు దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ వంటివారి చొరవతో, పల్లె మహిళల ఒత్తిడితో 1993లో నిషేధం వచ్చింది. ఆంధ్రదేశంలో నెల్లూరు జిల్లా పల్లె దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం ఫలితంగా సారా ఆగిపోయిందీ అదే ఏడాది అక్టోబరు 1న. అక్కడ 1995 జనవరిలో మొదలైన సంపూర్ణ నిషేధం 1997లోనే సడలింది. పక్కనున్న చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్ 1న నిషేధం పెట్టి, 2021లో మంత్రివర్గం ఎత్తేసింది. ఎత్తేయడానికి చెప్పిన ప్రధాన కారణం దొంగ సరుకు, నేరాలు పెరిగాయన్నది. నిషేధం వల్ల తాగుడు మాయం కాదన్నది సిరొంచలో ఎవరినడిగినా చెబుతారు. వంతెన ఉంది, అడవిలో ఇప్పపువ్వు ఉంది. అయినా ఈ వ్యాసంలోని వాదన ప్రకారం చూస్తే నిషేధం పనికిమాలినదేమీ కాదు. తాగుడు మొదలవడానికి అందుబాటే ముఖ్యకారణమైతే, సీసాకూ మనిషికీ మధ్య కొంత దూరాన్ని, ఖర్చును, సిగ్గును పెట్టే ఏ ఏర్పాటైనా కొత్తగా చేరేవారి సంఖ్యను తగ్గిస్తుంది. ఇప్పటికే చక్రంలో ఇరుక్కున్న మనిషికి మాత్రం దానితో పెద్దగా ఒరిగేది లేదు, ఒక్కోసారి కీడు కూడా జరుగుతుంది.

ఆ కీడు ఏమిటో 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే తెలంగాణ చూసింది. దుకాణాలు ఒక్కసారిగా మూతపడడంతో చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపించి, వినిపించి, పెద్ద సంఖ్యలో జనం హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు వారిలో చాలామంది. తెలంగాణ కల్లు దుకాణాల్లో డయాజెపాం, ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం పాత జాడ్యం. కల్లు తాగితే మనసు కుదుటపడుతుందని దశాబ్దాలుగా నమ్మిన మనిషి నిజానికి ఆందోళనకు వైద్యులు రాసే మాత్రలనే, మోతాదు తెలియకుండా తాగుతూ వచ్చాడు. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య సన్నిపాతం, అంటే స్పృహ చెదిరి వణుకుతో కలవరించే స్థితి, వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం తీయగలదు. అందుచేత గుడిలో ఒట్టు పెట్టించి ఆ రాత్రి నుంచే మాన్పించడం, భార్య చేత అన్నంలో రహస్యంగా మాత్ర కలిపించడం అనే రెండు ప్రసిద్ధమైన పద్ధతులూ వైద్యుడి పర్యవేక్షణ లేకపోతే ప్రమాదకరమైనవే. రెండోదానిలో వాడేది తరచుగా డైసల్ఫిరాం. దాన్ని మింగినట్టు తెలియని మనిషి తాగితే రక్తపోటు పడిపోయి, గుండెకు ముప్పు రావచ్చు.

వైద్యం లేదా అంటే ఉంది. మానేటప్పుడు వచ్చే బాధలను కొద్ది రోజులపాటు మాత్రలతో నియంత్రించడం, నరాలు దెబ్బతినకుండా థయామిన్ అనే విటమిన్ ఇవ్వడం, ఆ తర్వాత తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు, వాటితోపాటు కౌన్సెలింగు. ఇవన్నీ మామూలు ఖర్చుతో అయ్యే పనులే. చేరవలసినవారికి చేరకపోవడమే కష్టం. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన వారిలో ఏ రకమైన సహాయమైనా పొందినవారు 38 మందిలో ఒక్కరే. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. గడ్చిరోలిలో 2016లో మొదలైన ముక్తిపథ్ కార్యక్రమం తాలూకా స్థాయిలో వ్యసన విముక్తి క్లినిక్కులు నడపడం ఈ లోటును కొంత పూడ్చిన ప్రయత్నం. దేశవ్యాప్తంగా 14446 నంబరు వ్యసన విముక్తి కోసం, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 మానసిక ఆరోగ్యం కోసం పనిచేస్తున్నాయి. రెండూ ఉచితం.

సరిహద్దు తెలుగువారికి ఇందులో భాష అనే అడ్డంకి ఒకటి అదనం. బజారులో, బస్సులో మరాఠీ బాగానే నెట్టుకొచ్చే మనిషికి కూడా తన సిగ్గునూ భయాన్నీ చెప్పుకోవడానికి ఇంటి భాషే కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక, అందులో ఎనిమిదీ ఆపైన మార్కులు వస్తే తాగుడు హానికర స్థాయికి చేరిందని లెక్క, మరాఠీలో అడిగితే ఒక జవాబు, తెలుగులో అడిగితే మరో జవాబు వచ్చే చోటిది. "ఎన్ని మోతాదులు" అంటే అర్థం కాదు. "క్వార్టరా, ఆఫా, పొట్లం అయితే ఎన్ని" అనాలి. "మీకు ఒత్తిడి ఉందా" అంటే లేదంటాడు; "రంది దేని గురించి" అంటే గంటసేపు చెబుతాడు. ఇప్పసారాలో గాఢత ఇంత అన్న లెక్క ఉండదు. బట్టీలో మొదట దిగే ధారకూ చివరి ధారకూ బలంలో చాలా తేడా కాబట్టి, ఏ బట్టీ నుంచి తెచ్చుకుంటాడో తెలిసిన స్థానిక కార్యకర్త అంచనాయే డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

కష్టాలు తీరితే తాగుడు దానంతటదే పోతుందనీ, తాగుడు మానితే కష్టాలు వాటంతటవే తీరతాయనీ రెండు వర్గాలు వాదులాడుకుంటూ ఉంటాయి. చక్రంలో ఎక్కడ చెయ్యిపెట్టి ఆపినా ఆగే అవకాశం ఉంది గనుక, ముందు సులువుగా అందేచోట పట్టుకోవడం తెలివైన పని. సాత్‌బారాలో పేరు సరిచేయించడం డాక్టరు చేతిలో లేదు, పత్తి ధర పెంచడం ఎవరి చేతిలోనూ ఉన్నట్టు లేదు. నిద్ర మాత్రం ఉంది. వైద్య పర్యవేక్షణలో మానిన మనిషికి కొన్ని వారాల్లో నిద్ర కుదుటపడడం మొదలైనప్పుడు, అదే కిస్తీ, అదే ఫైనాన్సు మనిషి, అదే తహసీల్ కచేరీ కాస్త చిన్నగా కనిపిస్తాయి. అందుకే "ఎంత తాగుతున్నావు" అని మొదలుపెట్టి మనిషిని ముడుచుకుపోయేలా చేయడంకన్నా, "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది" అని మొదలుపెట్టడం మేలు. మూడింటికని జవాబొస్తే, ఆ ముందు రాత్రి ఎనిమిదింటి సంగతి ఆ తర్వాత ప్రశ్నగా నెమ్మదిగా అడగవచ్చు.